వాడకుండా వదిలేస్తే హ్యాంగ్ అవుతున్న లినక్స్ డెస్క్‌టాప్, లాగ్‌లో ఎర్రర్ లేదు

ప్రశ్న

డెస్క్‌టాప్‌లో గ్నోమ్ (తెర మీద కిటికీలు, ఐకాన్‌లు చూపే ప్రోగ్రామ్)తో లినక్స్ వాడుతున్నాను. పని చేస్తున్నంతసేపూ, ఎంత బరువైన పని పెట్టినా, ఏ ఇబ్బందీ ఉండదు. కొంతసేపు ముట్టుకోకుండా వదిలేసి తిరిగి వస్తే మాత్రం హ్యాంగ్ అయి ఉంటుంది. మౌస్ బాణం కదులుతుంది గానీ ఏ ఐకాన్ నొక్కినా ఏదీ తెరుచుకోదు. ఇంకాసేపటికి బాణం కూడా ఆగిపోతుంది, పైనున్న గడియారం అక్కడే నిలిచిపోతుంది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం తప్ప వేరే దారి కనిపించడం లేదు. ఆటోమేటిక్ సస్పెండ్‌నూ స్క్రీన్ లాక్‌నూ తీసేసి చూశాను, ఫలితం లేదు. రాత్రంతా నడిపిన మెమ్‌టెస్ట్ (మెమరీ పరీక్ష)లోనూ తప్పులేమీ రాలేదు. మళ్లీ బూట్ అయ్యాక ‘జర్నల్‌సీటీఎల్ -బీ -1 -ఈ’ కొట్టి వెనకటి బూట్ లాగ్ చూస్తే, అది మామూలు వరుసల మధ్యలో ఉన్నట్టుండి తెగిపోయి ఉంటోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

మొదటి జవాబు

గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగిపోయినా, ప్రాసెసర్ గాఢనిద్ర నుంచి లేవకపోయినా, డిస్క్ పలకడం మానేసినా తెర చూడడానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది కాబట్టి, ఇంకే సెట్టింగూ మార్చకుండా ముందు ఆ సమయంలో లోపల ఏది నడుస్తోందో, ఏది ఆగిందో తేల్చండి. క్యాప్స్ లాక్ లైటు మారకపోతే కెర్నెల్ (లినక్స్‌లో అన్నిటికీ అడుగున నడిచే మూల భాగం) పోయినట్టేనని చాలామంది అంటారు గానీ, గ్రాఫిక్ తెర నడుస్తున్నప్పుడు ఆ లైటును మార్చేది తెరను నడిపే డిస్‌ప్లే సర్వర్, కనుక దాన్ని మాత్రమే నమ్ముకోకండి. అంతకంటే మంచి పరీక్ష మరో కంప్యూటర్ నుంచి పింగ్ చేయడం, అంటే నెట్‌వర్క్ మీద పలకరించి జవాబు వస్తుందేమో చూడడం. పింగ్‌కు జవాబిచ్చేది కెర్నెలే. పింగ్ వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ (మరో కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ మీద లోపలికి వచ్చే దారి) లాగిన్ కూడా అయితే తప్పు గ్రాఫిక్స్ వైపు ఉన్నట్టు, పింగ్ కూడా రాకపోతే మొత్తం యంత్రమే ఆగినట్టు. పింగ్ వస్తూ లాగిన్ మాత్రం ముందుకు సాగకపోతే డిస్క్‌ను అనుమానించాలి. లాగ్ మధ్యలో తెగిపోవడం కూడా ఇక్కడ ఒక ఆధారమే: డిస్కే పోతే ఆ సంగతిని లాగ్ ఎక్కడ రాసుకుంటుంది? అందుకని ముందుగానే మరో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి వచ్చి, రూట్ హక్కులతో కెర్నెల్ సందేశాలను వచ్చినవి వచ్చినట్టు చూపే ‘డీఎంఈఎస్‌జీ -డబ్ల్యూ’ నడిపి అలాగే వదిలేయండి. చివరి మాటలు ఆ తెర మీద మిగిలి ఉంటాయి.

ఇంకొక మాట. పవర్ బటన్‌కు బదులు ఆల్ట్‌నూ ప్రింట్ స్క్రీన్ మీటనూ పట్టుకుని వరుసగా ఎస్, యూ, బీ నొక్కండి. ఎస్ మిగిలిన డేటాను డిస్క్‌కు రాయిస్తుంది, యూ ఫైల్‌సిస్టమ్‌లను రీడ్ ఓన్లీగా మారుస్తుంది, బీ రీబూట్ చేస్తుంది. ఈ మీటలను అనుమతించే ‘కెర్నెల్.సిస్‌ఆర్‌క్యూ’ సెట్టింగ్ విలువ 176 ఉంటే ఈ మూడూ పనిచేస్తాయి (16, 32, 128 కలిస్తే 176).

రెండో జవాబు

పై సలహాతో ఏకీభవిస్తాను. ఇలాంటి ప్రశ్న కనబడగానే ప్రాసెసర్ సీ-స్టేట్‌లను (ఖాళీగా ఉన్నప్పుడు అది దిగే నిద్ర స్థాయిలను) తగ్గించమని చెప్పేవాళ్లుంటారు. 2017లో వచ్చిన మొదటి తరం ఏఎండీ రైజెన్ ప్రాసెసర్‌ల విషయంలో అది నిజంగా అవసరమయ్యేది. బయోస్‌లో ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ను ‘టిపికల్ కరెంట్ ఐడిల్’కు మారిస్తే చాలామందికి సరిపోయింది. అయితే ఆ రకం హ్యాంగ్‌లో అంతా ఒక్కసారిగా ఆగిపోతుంది. మీకు బాణం కదులుతూ ఐకాన్‌లు మాత్రం తెరుచుకోవడం లేదంటే, మెమరీలో ఉన్నది నడుస్తూ, కొత్తగా డిస్క్ నుంచి చదవాల్సినది నిలిచిపోతోందని నా అంచనా. మీది ఎన్‌వీఎంఈ (పీసీఐఈ ద్వారా నేరుగా కలిసే రకం) ఎస్‌ఎస్‌డీయేనా?

ప్రశ్న అడిగినవారు

అవును, ఎన్‌వీఎంఈయే. మీరు చెప్పినట్టే పింగ్‌కు జవాబు వచ్చింది, కొత్త ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ మాత్రం ఎంతసేపు చూసినా కదలలేదు. ముందుగా తెరిచి ఉంచిన తెర మీద ‘ఎన్‌వీఎంఈ0: కంట్రోలర్ ఈజ్ డౌన్, విల్ రీసెట్’ అనే వరుస, దాని వెనుకే కుప్పలుగా ఐ/ఓ ఎర్రర్‌లు, చివర ఫైల్‌సిస్టమ్‌ను రీడ్ ఓన్లీ చేస్తున్నట్టు ఒక వరుస ఉన్నాయి. అదే తెరలో ‘ఎల్‌ఎస్’ కొడితే ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ అంది. ఎస్‌ఎస్‌డీ చెడిపోయినట్టేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు

అప్పుడే ఆ మాట అనుకోనక్కరలేదు. ఎన్‌వీఎంఈలకు ఏపీఎస్‌టీ అనే ఏర్పాటు ఉంది: పని లేనప్పుడు డ్రైవ్ తనంతట తానే తక్కువ విద్యుత్ స్థితుల్లోకి దిగుతుంది. 2017 నాటి 4.11 కెర్నెల్ నుంచి లినక్స్ దీన్ని వాడుతోంది. కొన్ని డ్రైవ్‌లు కొన్ని మదర్‌బోర్డ్‌లతో కలిసినప్పుడు అన్నిటికంటే లోతైన స్థితి నుంచి తిరిగి రాలేవు. బరువైన పనిలో ఏమీ కాకుండా, ఖాళీగా ఉన్నప్పుడే పడిపోవడానికి కారణం అదే కావచ్చు.

బూట్ సమయంలో గ్రబ్ (లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘ఎన్‌వీఎంఈ_కోర్.డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్=0’ చేర్చండి. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది కనుక భయం లేదు. అప్పటికీ పడిపోతే, పీసీఐఈ లింకుల విద్యుత్ పొదుపును ఆపే ‘పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్’ కూడా కలపండి, కానీ రెంటినీ మొదటే కలిపి పెట్టవద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది. ఈలోగా ‘స్మార్ట్‌సీటీఎల్ -ఏ’తో డ్రైవ్ ఆరోగ్యం చూడండి, అవసరమైన ఫైళ్లను మరో చోటికి కాపీ చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు

మొదటి ఆప్షన్ ఒక్కదానితోనే నిలబడింది. రాత్రంతా వదిలేసినా ఉదయం మౌస్ కదపగానే ఎప్పటిలా పలికింది. స్మార్ట్ నివేదికలో మీడియా ఎర్రర్‌లు సున్నా. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌లను వెతికే ‘ఎఫ్‌డబ్ల్యూయూపీడీఎంజీఆర్’తో చూస్తే ఈ డ్రైవ్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఏదీ కనిపించలేదు, కాబట్టి ఆ ఆప్షన్‌ను గ్రబ్ డిఫాల్ట్ ఫైల్‌లో శాశ్వతంగా రాసి ‘అప్‌డేట్-గ్రబ్’ నడిపాను. పూర్తిగా సున్నా కాకుండా, పై స్థాయి నిద్రను మాత్రం అనుమతించే విలువ ఏదైనా పెట్టవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు

పెట్టవచ్చు. ‘ఎన్‌వీఎంఈ ఐడీ-సీటీఆర్‌ఎల్’ ఆదేశం మీ డ్రైవ్‌లోని ఒక్కొక్క పవర్ స్థితికీ ఎంట్రీ, ఎగ్జిట్ లేటెన్సీలను (ఆ స్థితిలోకి దిగడానికీ, తిరిగి లేవడానికీ పట్టే సమయాలను) మైక్రోసెకన్లలో చూపిస్తుంది. చివరి స్థితి ఎగ్జిట్ లేటెన్సీ కంటే తక్కువగా, దాని పై స్థితి ఎగ్జిట్ లేటెన్సీకి తగ్గకుండా విలువ ఇస్తే ఆ ఒక్క స్థితి మాత్రమే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కోసం ఆ శ్రమ పడమనేవాణ్ణి. గోడ ప్లగ్‌కు తగిలించి ఉండే డెస్క్‌టాప్‌కు సున్నాయే ఉంచండి.