బెసెంట్ నగర్ నుంచి మహాబలిపురం దాకా ఒడ్డు వెంబడే నడవాలని ఉంది, ఎవరైనా నడిచారా?

పెరుంగుడి_నెల్లూరు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఎనిమిదేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం, ఆఫీసు ఓఎమ్మార్‌ (పాత మహాబలిపురం రోడ్డు) లోనే. సంక్రాంతి అయ్యాక మా బాబాయి వస్తున్నారు. ఆయనకు అరవై ఏళ్లు, ఏటా అలిపిరి మెట్ల దారిలో కొండకు నడిచి వెళ్లే మనిషి. అడయారు నది సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, తీరం వెంబడే మహాబలిపురం దాకా రెండు రోజుల్లో నడుద్దామని ఫోన్లోనే ఇద్దరం అనేసుకున్నాం. మ్యాపులో కొలిస్తే 45 కిలోమీటర్ల చుట్టూ వస్తోంది. ఎక్కడా ఎక్కేది లేదు, దిగేది లేదు, అంతా చదును. 3,550 మెట్లు ఎక్కేవాడికి ఇసుకలో నడక ఒక లెక్కా అంటున్నారు బాబాయి.

నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మొన్న ఆదివారం తిరువాన్మియూర్ నుంచి నీలాంగరై దాకా ఒక్కడినే నడిచి చూశాను. అయిదారు కిలోమీటర్లే, అయినా ఇంటికొచ్చేసరికి ఎడమ మోకాలు బయటివైపు పట్టేసింది, రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. ఇంత చిన్న దూరానికే ఇలా అయితే రెండు రోజులు ఎలా? ఎక్కడ ఒడ్డు వదిలి రోడ్డెక్కాలి, రాత్రి ఎక్కడ ఉండాలి, నీళ్లు ఎన్ని మోయాలి? నడిచినవాళ్లు చెప్పండి.

ఉప్పుగాలి:

నేను ఈ దారి మూడుసార్లు నడిచాను, ఒకసారి సగంలో ఆపేశాను కూడా. మీ బాబాయిగారికి ముందు ఈ మాట చెప్పండి. కొండ ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ ఒకేలా ఉండదు, కాసేపు ఎక్కుతాం, మధ్యలో చదునుగా నడుస్తాం, గాలిగోపురం దగ్గర కూర్చుంటాం, కాబట్టి ఒక కండరం అలిసేసరికి ఇంకోటి పని అందుకుంటుంది. చదును దారిలో ఆ అవకాశమే లేదు, మొదటి అడుగు ఎలా పడిందో అరవై వేల అడుగులూ అలాగే పడాలి. ఊపిరి అస్సలు ఆడకపోవడం అంటూ ఉండదు, అందుకే బాగానే ఉన్నామనుకుని ఆగకుండా పోతాం, దెబ్బ తిన్న సంగతి సాయంత్రం చెప్పులు విప్పాక తెలుస్తుంది.

మీ మోకాలి సంగతి కూడా అదే. మీరు దక్షిణానికి నడిచారు కదా, సముద్రం ఎడమ పక్కన ఉంటుంది, ఒడ్డు అటువైపు వాలుగా ఉంటుంది. అంటే ఎడమ కాలు ఎప్పుడూ పల్లంలో, కుడి కాలు మెరకలో. గంటల తరబడి ఒక కాలు పొట్టిగా ఉన్నట్టే నడిచారు. దీనికి మందు ఏమీ లేదు, ఇసుక గట్టిగా, తక్కువ వాలుగా ఉండే చోటు వెతుక్కోవడమే. అది అల వెనక్కి వెళ్లిన వెంటనే తడిగా నల్లగా కనిపించే పట్టీ, మడమ పెడితే అర అంగుళం కూడా దిగదు. చెన్నై దగ్గర పోటుకీ ఆటుకీ తేడా ఎక్కువ ఉండదు, మీటరు చుట్టూ ఉంటుంది, అయినా ఆటు మీద ఉన్నప్పుడు ఆ పట్టీ రెండు మూడు బారల వెడల్పు పెరుగుతుంది. బయల్దేరే రోజు ఆటుపోట్ల సమయాలు చూసుకుని, ఆటు తెల్లవారుజామున వచ్చే తేదీ ఎంచుకోండి. ప్రతి గంటకూ పావుగంట ఒడ్డు వదిలి లోపలి రోడ్డు మీద నడిస్తే తుంటికి చాలా హాయిగా ఉంటుంది.

ఇక దారి. నది కలిసే చోట మొదలుపెట్టాలని ఉంటే తెల్లారాకే అటు వెళ్లండి, చీకట్లో వద్దు. అక్కడ విరిగిన వంతెన ఉంది, 1967లో కట్టారు, పదేళ్లకే కూలింది. దాని మీదికి ఎక్కకుండా కింద ఇసుకలో నిలబడి చూస్తే చాలు, ఒకపక్క అడయారు నీళ్లు, ఇంకోపక్క అలలు, ఆ ఉదయపు వెలుగు మీ బాబాయికి నచ్చి తీరుతుంది. అక్కడి నుంచి బెసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌లో ఒక తెల్ల కట్టడం దాటుతారు. 1930లో నీళ్లలో కొట్టుకుపోతున్నవాళ్లను కాపాడబోయి చనిపోయిన కార్ల్ ష్మిట్ అనే డెన్మార్క్ నావికుడి గుర్తుగా కట్టింది అది. ఈ తీరంలో అల వెనక్కి లాగే లాగుడు ఎలాంటిదో అక్కడే గుర్తు చేసుకోండి, చెమట పట్టిందని ఎక్కడా స్నానానికి దిగొద్దు.

తిరువాన్మియూర్, కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంగరై, ఈంజంబాక్కం, పనైయూర్, ఉత్తండి, కానత్తూర్, ఇలా వరసగా ఒడ్డునే పోవచ్చు. ముట్టుకాడు దగ్గర మాత్రం కచ్చితంగా రోడ్డెక్కాలి. అక్కడ బ్యాక్‌వాటర్ సముద్రంలోకి తెరుచుకుంటుంది, ఒక్కోసారి ఇసుక మేట వేసి దాటేయొచ్చన్నట్టు కనిపిస్తుంది. నేను రెండోసారి వెళ్లినప్పుడు అదే పొరపాటు చేశాను. మోకాలి లోతు అనుకుని దిగితే నాలుగో అడుగుకే నడుము దాకా వచ్చింది, కాళ్ల కింద ఇసుక జారిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది, బ్యాగు తలమీద పెట్టుకుని వెనక్కి వచ్చేశాను. ఈసీఆర్ (తీరం పక్కనే పోయే పెద్ద రోడ్డు) వంతెన మీదుగా వెళ్తే పది నిమిషాల పని, దానికోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. వంతెన దాటాక కోవళం, అక్కడ చిన్న లాడ్జీలు, హోమ్‌స్టేలు ఉన్నాయి. మొదటి రోజుకు అదే చాలు, పాతిక కిలోమీటర్లు అవుతుంది. ఒడ్డున టెంటు వేసుకుందామనుకోవద్దు.

రెండో రోజు దూరం తక్కువే కానీ దారిలో చూసేవి ఎక్కువ. తిరువిడందైలో నిత్యకల్యాణ పెరుమాళ్ గుడి ఉంది, 108 దివ్యదేశాలనే విష్ణు క్షేత్రాల్లో ఒకటి, అక్కడి దేవుడు వరాహస్వామి. కొండకు వెళ్లినప్పుడు శ్రీవారికంటే ముందు వరాహస్వామిని చూసుకునే అలవాటు ఉన్నవాళ్లకు ఇక్కడ ఆగడం భలే ఉంటుంది. నెమ్మేలి దగ్గర ఉప్పునీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు చుట్టుపక్కల ఒడ్డున రాళ్లు పోశారు, ఆ రాళ్ల మీద నడవకండి, మళ్లీ రోడ్డెక్కండి. సాలువన్‌కుప్పం దగ్గర పులి గుహ అనే పాత రాతి కట్టడం, దాని పక్కనే 2004 సునామీ తర్వాత తవ్వకాల్లో బయటపడిన ఇటుకల మురుగన్ గుడి. ఇక అక్కడి నుంచి మహాబలిపురం తీరాలయం దగ్గరే.

నీలాంగరై_అక్క:

తమ్ముడూ, ఈ దారిలో చేపలు పట్టేవాళ్ల కుప్పాలు చాలా ఉన్నాయి. ఒడ్డు మనకు నడిచే దారి, వాళ్లకు అది పనిచేసే చోటు. తెల్లవారి ఆరింటికి పడవలు వచ్చే వేళ, వలలు పరిచి చేపలు తీస్తుంటారు. వలల మీద అడుగు పెట్టొద్దు, పడవ తాళ్లు దాటేటప్పుడు ఒకసారి ఆగి చూసి దాటండి, అల వస్తే ఆ తాడు ఒక్కసారిగా బిగుసుకుని పైకి లేస్తుంది. ‘పోలామా అన్నా’ (వెళ్లొచ్చా అన్నా) అని ఒక మాట అడిగితే చాలు, వాళ్లే పక్కనుంచి దారి చూపిస్తారు. ఫోటోలు అడగకుండా తీయొద్దు.

ఇంకొకటి, మీరు వచ్చేది జనవరి చివర కదా, అది ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం. పొద్దున్నే ఇసుక మీద ట్రాక్టరు టైరు పోయినట్టు రెండు వరసల గీతలు నీళ్ల నుంచి పైకి వచ్చి, మళ్లీ వెనక్కి పోయినట్టు కనిపిస్తే అది తల్లి తాబేలు జాడ. ఆ గీతలు పైన ఎక్కడ ఆగాయో అక్కడ తొక్కొద్దు. 1988 నుంచి ఇక్కడి విద్యార్థులు రాత్రంతా ఒడ్డు మీద నడిచి ఆ గుడ్లు తీసి పొదిగే కంచెకు చేరుస్తున్నారు, వాళ్ల పని చెడగొట్టినట్టు అవుతుంది. చీకట్లో టార్చి వేసుకుని తిరగడం కూడా వద్దు. ఒక్కోసారి చనిపోయినవి కూడా కనిపిస్తాయి, 2025 జనవరిలో వందల కొద్దీ కొట్టుకొచ్చాయి, ఆ నెలంతా ఒడ్డుకు వెళ్లాలంటే నా మనసు ఒప్పలేదు.

కాళ్లడాక్టరు_తిరుపతి:

నేను ఫిజియోని. ఒక్క ముక్క చెప్తాను. చెప్పుల్లేకుండా నడిస్తే బాగుంటుందని అందరూ అంటారు, అలవాటు లేని కాళ్లకు రెండు మూడు కిలోమీటర్లు దాటితే పిక్క, మడమ నరం లాగేస్తాయి. పాత షూ, పలచటి సాక్స్ రెండు జతలు, లోపలికి ఇసుక పోగానే విప్పి దులపండి. బొబ్బ రాకముందు అక్కడ వేడిగా మంటగా అనిపిస్తుంది, అప్పుడే ఆగి టేపు వేయాలి. తర్వాత చూద్దాంలే అంటే ఇక నడవలేరు. తొడలు ఒరుసుకునే చోట వాజిలిన్. నీళ్లు మనిషికి రెండు లీటర్లు చేతిలో ఉంటే చాలు, ఊళ్లలో మళ్లీ నింపుకోవచ్చు, మజ్జిగలో ఉప్పు వేసి తాగండి. అరవై ఏళ్ల మనిషికి బీపీ మాత్రలు ఏమైనా ఉంటే ముందు ఆయన డాక్టరును అడిగించండి.

పెరుంగుడి_నెల్లూరు:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి బాబాయికి ఫోన్లో అంతా చదివి వినిపించాను. వరాహస్వామి పేరు వినగానే ఆ గుడి దగ్గర ఒక పూట ఉండాల్సిందే అన్నారు, దాంతో ప్లాన్ మారిపోయింది. మూడు రోజులు పెట్టుకున్నాం. మొదటి రోజు ఈంజంబాక్కం దాకా నడిచి బస్సులో ఇంటికి వచ్చేస్తాం, మర్నాడు మళ్లీ అక్కడే దిగి కోవళం, అక్కడే రాత్రి పడుకుని మూడో రోజు మిగతాది. ఈ నాలుగు వారాలూ ఆదివారాలు ఉత్తరానికి ఒకసారి, దక్షిణానికి ఒకసారి నడుస్తాను, రెండు కాళ్లకూ సమానంగా వాలు అలవాటు అవుతుంది కదా?

ఉప్పుగాలి:

అవుతుంది, మంచి ఆలోచన. ఒకే ఉదయం అటు వెళ్లి ఇటు రండి, ఇంకా మంచిది. మోకాలు పూర్తిగా తగ్గాకే మొదలుపెట్టండి. మూడో రోజు నాకు కుదిరితే కోవళంలో మిమ్మల్ని కలుస్తాను, పొద్దున అయిదున్నరకు.