సోరియాసిస్ దురదకి సెట్రిజిన్ ఎందుకు పనిచేయదు?

చర్మరేఖ: దద్దుర్లకి ఒక్క సెట్రిజిన్ వేస్తే దురద ఆగుతుంది. ఎర్రటి పొలుసు మచ్చలు లేచే సోరియాసిస్‌లో అదే మాత్రతో పెద్దగా తేడా రాదు. ఎందుకని?

నరాలరాజు: సెట్రిజిన్ ఆపేది అలర్జీలో దురద పుట్టించే హిస్టమిన్ అనే రసాయనాన్ని. ఇక్కడ అసలు దోషి అది కాదు. మచ్చలోని చర్మకణాలు నరాల పెరుగుదల కారకాన్ని ఎక్కువగా వదులుతాయి. దురదని మోసే సన్నని సీ నరాలు దాంతో రెచ్చిపోతాయి. ఆ నరాల కొసల నుంచి సబ్‌స్టెన్స్ పీ అనే రసాయనం ఊరి వాపుని ఇంకా పెంచుతుంది. నిద్ర మత్తు తెచ్చే పాత అలర్జీ మాత్రలు రాత్రి కాస్త పనికొచ్చేది ఆ మత్తు వల్లే.

తైలం_77: అంత దూరం ఎందుకండీ, చర్మం పొడిబారడమే కారణం. నెల పట్టాల్సిన పైపొర మార్పు నాలుగైదు రోజుల్లో అయిపోతే పొర పచ్చిగానే పైకొస్తుంది, నీరు నిలవదు. గోరువెచ్చని నీళ్లతో చప్పున స్నానం ముగించి, ఒళ్లు అద్దుకుని, తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాయాలి.

నరాలరాజు: మరి పొలుసే లేని చర్మపు మడతల్లో, చెమ్మ ఉన్నచోట దురద ఎందుకు?

తైలం_77: మడతల్నే పట్టుకున్నారు! మిగతా ఒళ్లంతా పొలుసే కదా. 3 నుంచి 6 శాతం శాలిసిలిక్ ఆమ్లంతో ముందు అది తీయకపోతే ఏ మందూ లోపలికి దిగదు.

గమనిక: సోరియాసిస్ పూతమందు కాల్సిపోట్రయోల్ రాసేవాళ్లు శాలిసిలిక్‌ని దాంతో కలపొద్దు, ఆ మందు చెడిపోతుంది. ఫోటోథెరపీకి (అతినీల కిరణాల చికిత్సకి) ముందూ వద్దు, కిరణాల్ని అడ్డుకుంటుంది.

నరాలరాజు: "జెల్లీ రాసుకో, పో" అని పంపేది మీలాంటివాళ్లే. సోరియాసిస్ తీవ్రతని కొలిచే పాసీ స్కోరులో ఎరుపు, మందం, పొలుసు, విస్తీర్ణం ఉంటాయి. దురదకి ఒక్క మార్కూ లేదు!

తైలం_77: ఓహో, అసలు గొడవ ఇదా! దురదని లెక్కేసి అరచేయంత మచ్చకి కూడా రోగనిరోధక చర్యని తగ్గించే ఇంజెక్షన్ అంటారా? ముందు క్షయ పరీక్ష, తర్వాత ఫంగస్ ఇన్ఫెక్షన్ల ముప్పు, ఇవన్నీ ఎవరు చూస్తారు?

నరాలరాజు: అందరికీ అనలేదండీ. దురదని 0 నుంచి 10 వరకు విడిగా రాయించమంటున్నా. వాపుని రేపే ఐఎల్-17 ప్రోటీన్‌ని ఆపే సెక్యుకినుమాబ్, ఇక్సెకిజుమాబ్ ఇంజెక్షన్లతో మచ్చ పోకముందే దురద తగ్గుతుంది. పైగా గోకినచోట కొత్త మచ్చ లేస్తుంది, కోబ్నర్ అనేది దాన్నే.

తైలం_77: తల, మడతలు, జననాంగాలు అయితే ఇంజెక్షన్‌కి ఒప్పుకుంటా. మోచేతికి ఒప్పుకోను. వేలికొసంత స్టెరాయిడ్ పూతమందు రెండు అరచేతుల మేరకి సరిపోతుంది, ముందు అది సరిగ్గా రాయనివ్వండి.

చర్మరేఖ: రాత్రంతా నిద్రపోనివ్వని మోచేయి అయితే?

తైలం_77: రెండు వారాలు రాశాక అడగండి.