టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు ఫార్మ్‌లో రిలీవర్లు (ఆట మధ్యలో బంతి వేయడానికి వచ్చే పిచర్లు) నిజంగా లేరా? ఫ్రిస్కోలో, రౌండ్‌రాక్‌లో చూసినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో శ్రీను
2025 సీజన్ 81 గెలుపులు, 81 ఓటములతో ముగిసింది. ఆ తర్వాత బుల్‌పెన్ (రిలీవర్లు ఉండే చోటు) తలుపు తీస్తే లోపల పెద్దగా ఎవరూ మిగల్లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్, మిల్నర్, మేటన్, కూలోంబ్, క్రిస్ మార్టిన్ అందరూ కాంట్రాక్ట్ ముగిసి ఫ్రీ ఏజెంట్లయిపోయారు, అంటే ఏ జట్టుకైనా వెళ్ళొచ్చు. జేకబ్ వెబ్‌నీ జాష్ స్బోర్జ్‌నీ 2025 నవంబర్‌లో కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేశారు. స్బోర్జ్ అంటే మనం గెలిచిన 2023 వరల్డ్ సిరీస్‌లో (మేజర్ లీగ్ ఫైనల్లో) ఆఖరి బంతి వేసినవాడు. చేతిలో మిగిలింది రాబర్ట్ గార్సియా, కోల్ విన్, ఇంకో ఇద్దరు ముగ్గురు.

మన ఫార్మ్ జాబితా ఏది తీసినా పైన స్టార్టర్లు (ఆట మొదలుపెట్టే పిచర్లు), షార్ట్‌స్టాప్‌లే (ఫీల్డర్లే). "రిలీవర్ ప్రాస్పెక్ట్" (పైకి రాగల కుర్రాడు) అని రాసిన పేరు చూద్దామంటే కనబడదు. నాకు ర్యాంకులు వద్దు, అవి నేనూ చదువుతాను. ఫ్రిస్కోలోని రైడర్స్ ఫీల్డ్‌లోనో రౌండ్‌రాక్‌లోని డెల్ డైమండ్‌లోనో కళ్ళారా చూసినవాళ్ళు చెప్పండి. వచ్చే ఏడాది ఎనిమిదో ఇన్నింగ్స్ వేయగలిగేవాడు అక్కడ ఉన్నాడా, లేడా?

కొత్తోడు_ఇర్వింగ్
అన్నా, నేను బేస్‌బాల్ చూడ్డం మొదలుపెట్టి రెండేళ్ళే. ఫార్మ్ అంటే మన రంజీ లాంటిదా?

లెక్కల మాస్టారు
కాదు తమ్ముడూ. రంజీ ఆడే హైదరాబాద్ జట్టుకీ సన్‌రైజర్స్‌కీ సంబంధం లేదు కదా. ఇక్కడ కింద నుంచి పైదాకా ఆటగాళ్ళంతా ఒకే యజమాని మనుషులు. డొమినికన్ రిపబ్లిక్‌లో అకాడమీ, అరిజోనాలోని సర్‌ప్రైజ్‌లో కాంప్లెక్స్ జట్టు, ఆపైన హికరీ, స్పార్టన్‌బర్గ్‌లో హబ్ సిటీ, ఇంకో మెట్టు పైన డబుల్-ఏకి ఫ్రిస్కో, మేజర్ లీగ్‌కి ఒక్క మెట్టు కింద ట్రిపుల్-ఏకి రౌండ్‌రాక్. జీతమిచ్చేది రేంజర్సే. ఎవడు స్టార్టరో ఎవడు రిలీవరో తేల్చేది కూడా వాళ్ళే.

కొత్తోడు_ఇర్వింగ్
మరి క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసే రిలీవర్) అంటే డెత్ ఓవర్ల బౌలర్ లాంటివాడే కదా. బుమ్రా లాంటివాణ్ణి చిన్నప్పటి నుంచే ఆ పనికి పెంచొచ్చుగా?

లెక్కల మాస్టారు
బుమ్రా లాంటివాడు దొరికితే ఇక్కడ వాడికి మొదటి ఇన్నింగ్స్ నుంచే బంతి ఇస్తారు. కిటుకంతా అక్కడే ఉంది. స్టార్టర్ ఆరు ఇన్నింగ్స్ లాగుతాడు, రిలీవర్ ఒక్కటి. అందుకని చేతిలో కాస్త సత్తా ఉన్న ప్రతివాణ్ణీ ముందు స్టార్టర్‌గానే పెడతారు. మూడో రకం బంతి కుదరనివాడు, మోచేయి ఆపరేషనయినవాడు, రెండోసారి బ్యాటింగ్‌కి వచ్చినవాళ్ళ చేతుల్లో చితికిపోయేవాడు బుల్‌పెన్‌కి వస్తాడు. శ్రీను గారూ, మీ జాబితాలో రిలీవర్ కనబడకపోవడానికి కారణం ఇదే. వచ్చే ఏడాది రిలీవర్లు ఈ ఏడాది జాబితాలో స్టార్టర్ల పేరుతోనే ఉంటారు.

రౌండ్‌రాక్ రమణ
మాస్టారి మాటకు సాక్ష్యం కోల్ విన్. 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళ ఎంపికలో) మొదటి రౌండ్, 15వ పిక్. 2022, 2023లో ఇక్కడ స్టార్టర్‌గా అతని ఆట చూశాను. రెండేళ్ళూ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మంచిది) ఆరు పైనే. నాలుగో ఇన్నింగ్స్ వచ్చేసరికి ఎవరి పని వాళ్ళు చూసుకోవడానికి లేచిపోయేవాళ్ళం. "ఇతని కథ అయిపోయింది" అని నేనే ఇక్కడ ఎక్కడో రాశాను, వెతికి తీయకండి. తర్వాత బుల్‌పెన్‌కి మార్చారు. 2025లో ఆర్లింగ్టన్‌లో (రేంజర్స్ ఆడే ఊళ్ళో) నమ్మి బంతి ఇవ్వగలిగిన కొద్దిమందిలో అతనొకడు.

ఇంకో విషయం. రౌండ్‌రాక్ ఈఆర్ఏ చూసి ఎవరినీ తీసిపారేయకండి. రౌండ్‌రాక్ ఆడే పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో ఆల్బకర్కీ, రీనో లాంటి ఊళ్ళున్నాయి, బాగా ఎత్తు మీద. అక్కడ గాలి పల్చన. కర్వ్ బంతి తిరగదు, మామూలు ఫ్లై బంతి కంచె దాటేస్తుంది. అక్కడ నాలుగున్నర ఈఆర్ఏతో బయటపడ్డవాణ్ణి నేను మెచ్చుకుంటాను. వాకులు (నాలుగు గురితప్పిన బంతులకి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇవ్వడం) మాత్రం ఏ ఊళ్ళోనైనా వాకులే, వాటికి గాలి మీద నెపం వేయలేం. నేను చూసే అంకె అదొక్కటే.

కిట్టు వాళ్ళమ్మ
నాకు ఈఆర్ఏలూ అవీ పెద్దగా తెలియవు. మావాడి కోసం ఏడాదికి పది పన్నెండుసార్లు ఫ్రిస్కో గేమ్‌కి వెళ్తాం. తెలియనివాళ్ళకి చెప్తున్నా, రైడర్స్ ఫీల్డ్‌లో బుల్‌పెన్‌లు కంచె వెనకాల ఉండవు, ప్రేక్షకుల సీట్ల మధ్యలోనే ఉంటాయి. పక్క వరసలో కూర్చుంటే పిచర్ ఊపిరి తీయడం కూడా వినిపిస్తుంది.

ఈ వేసవిలో ఒక రాత్రి చూసింది చెప్తాను. ఏడో ఇన్నింగ్స్‌లో గోడకున్న ఫోన్ మోగింది. కోచ్ రెండు ముక్కలు విని పెట్టేసి ఒకబ్బాయి వైపు వేలు చూపించాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. అప్పటిదాకా పొద్దుతిరుగుడు గింజలు నములుతూ నవ్వుతున్నవాడు ఒక్కసారిగా మౌనం. మొదటి నాలుగు బంతులూ మెల్లగా. ఐదోది క్యాచర్ మిట్‌లో (గ్లవ్‌లో) పడిన చప్పుడుకి మావాడు చెవులు మూసుకున్నాడు. మా మామగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు, "ఓరి నాయనో, కనపడలేదే" అన్నారు.

నేను మాత్రం క్యాచర్‌ని చూస్తున్నాను. వాడు మిట్ ఒకచోట పెడుతున్నాడు, బంతి ఇంకోచోటికి వస్తోంది. ఒకటి నేలకి కొట్టుకుంది, ఇంకోటి క్యాచర్ నెత్తి మీద నుంచి పోయింది. కోచ్ ఏమీ అనలేదు, టోపీ సర్దుకున్నాడంతే. ఆ అబ్బాయి మైదానంలోకి వెళ్ళి వరసగా ముగ్గురికి వాకులిచ్చాడు. బోర్డు మీద వేగం గంటకి 99 మైళ్ళని పడుతూనే ఉంది.

కాబట్టి శ్రీను గారూ, వేగం కావాలంటే ఫ్రిస్కోలో బోలెడుంది. క్యాచర్ మిట్ కదలకుండా పట్టుకునేలా వేసేవాళ్ళు ఇద్దరు ముగ్గురే కనబడ్డారు.

ఫ్రిస్కో శ్రీను
అమ్మా, మీ పోస్టుతో నా సగం ప్రశ్నకి జవాబొచ్చేసింది. ఎమిలియానో టెయోడో గురించి కూడా ఇదే భయం. 100 మైళ్ళు దాటి వేస్తాడు. 2024లో ఫ్రిస్కోలో స్టార్టర్‌గా అదరగొట్టాడు, 2025లో బుల్‌పెన్‌కి మార్చారు. రమణ గారూ, మీ దగ్గర ఎలా ఉన్నాడు?

రౌండ్‌రాక్ రమణ
స్ట్రైక్ పడిన రోజు ఎవడూ ముట్టుకోలేడు. పడని రోజు పదిహేను బంతులకే బుల్‌పెన్‌లో ఇంకొకడు లేచి నిలబడతాడు. నాకు మార్క్ చర్చ్ మీద ఎక్కువ నమ్మకం. 2019 డ్రాఫ్ట్‌లో 18వ రౌండ్, పెద్ద బోనస్సులు తీసుకున్న వరసలో లేడు. స్లైడర్‌ని (పక్కకి వంగే బంతిని) కావలసిన చోట దించుతాడు. 2025లో రేంజర్స్ జట్టుతోనే సీజన్ మొదలుపెట్టాడు, గాయం పడగొట్టింది.

పాత అభిమాని 2003
ఫ్రిస్కోకి జట్టు వచ్చిన ఏడాది నుంచి చూస్తున్నవాణ్ణి. ఒక్కమాట చెప్పనివ్వండి. ఈ ఫార్మ్‌కి రిలీవర్లు కొత్త కాదు, నిలుపుకోవడమే చేతకాదు.

నెఫ్తాలీ ఫెలిజ్ 2008లో ఇక్కడే వేశాడు. 2007లో మన స్టార్ బ్యాటర్ టెషేరాని బ్రేవ్స్‌కి ఇచ్చినప్పుడు వచ్చిన పిల్లల్లో ఒకడు. 2010లో 40 సేవ్‌లు (ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించడం), రూకీ ఆఫ్ ద ఇయర్. 2011 అక్టోబర్ 27 రాత్రి వరల్డ్ సిరీస్‌లో జరిగిన సంగతి నేను రాయను, ఇక్కడున్న పాతవాళ్ళకి గుర్తు చేయడం పాపం. కప్పు గెలవడానికి ఇంకొక్క స్ట్రైక్ చాలు అన్న చోట, ఫెలిజ్ బంతిని సెయింట్ లూయిస్ బ్యాటర్ డేవిడ్ ఫ్రీజ్ కొడితే మన ఫీల్డర్ నెల్సన్ క్రూజ్ తల మీదుగా పోయింది. మా ఆవిడ అప్పటికే స్వీటు డబ్బా తెరిచింది, మళ్ళీ మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. వారమైనా ఎవరూ ముట్టలేదు.

అలెక్సీ ఓగాండో కథ మనవాళ్ళకి ఇంకా బాగా అర్థమవుతుంది. అవుట్‌ఫీల్డర్‌గా ఉన్నవాణ్ణి 2005 రూల్ 5 డ్రాఫ్ట్‌లో (వేరే జట్ల ఫార్మ్ ఆటగాళ్ళని తీసుకునే ఎంపికలో) తీసుకుని పిచర్‌గా మార్చారు. తీరా చూస్తే వీసా లేదు. ఏళ్ళ తరబడి డొమినికన్‌లోనే ఉండిపోయాడు. 2010లో వీసా దొరికింది, జూన్‌కల్లా ఆర్లింగ్టన్‌లో వేస్తున్నాడు. మరుసటి ఏడాది ఆల్‌స్టార్. స్టాంపింగ్ కోసం ఇండియా వెళ్ళి ఇరుక్కున్నవాళ్ళెవరైనా ఉంటే ఆయన ఫొటో పెట్టుకోండి.

ఇక క్లాసే.

ఫ్రిస్కో శ్రీను
అయ్యా, ఆ పేరొద్దు.

పాత అభిమాని 2003
చెప్పాల్సిందే. 2019 వేసవిలో ఇమాన్యుయెల్ క్లాసే ఫ్రిస్కోలో ఉన్నాడు. కట్టర్ (ఆఖర్లో కాస్త పక్కకి జరిగే వేగపు బంతి) 99 మైళ్ళ మీద వస్తోంది, బ్యాటు పిడి దగ్గర విరిగిపోతోంది. ఆగస్టులో రౌండ్ రాక్ లాంటి మజిలీ ఏదీ లేకుండా డబుల్-ఏ నుంచి నేరుగా పైకి తీసుకెళ్ళారు. డిసెంబర్‌కల్లా స్టార్టర్ కోరీ క్లూబర్ కోసం క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేశారు. క్లూబర్ మనకి వేసింది ఎంత? 2020లో ఒక్క ఇన్నింగ్స్. భుజం పోయింది. క్లాసే 2022, 2023, 2024 మూడేళ్ళూ అమెరికన్ లీగ్‌లో అందరికంటే ఎక్కువ సేవ్‌లు చేశాడు.

హ్యూస్టన్ బాబ్జీ
పక్క ఊరి నుంచి నమస్కారం. 2023 అక్టోబర్ 20న తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మీ లెక్లెర్క్ బంతిని మా ఆస్ట్రోస్ బ్యాటర్ ఆల్టూవే ఎక్కడికి పంపించాడో కాస్త వివరిస్తారా?

పాత అభిమాని 2003
వివరిస్తాం. ఆ తర్వాత మీ ఊళ్ళోనే ఆడిన రెండు గేమ్‌లు ఎవరు గెలిచారో మీరు వివరించండి.

లెక్కల మాస్టారు
బాబ్జీ గారు గుర్తు చేశారు కాబట్టి. 2023 రెగ్యులర్ సీజన్‌లో మన బుల్‌పెన్ 30 సేవ్‌లు చేసింది, 33 పోగొట్టింది. అలాంటి బుల్‌పెన్‌తో వరల్డ్ సిరీస్ గెలిచాం. స్బోర్జ్ ఆ ఏడాది ఈఆర్ఏ 5.50, అక్టోబర్‌లో 0.75. రిలీవర్ల అంకెలు ఇంతే, అరవై ఇన్నింగ్స్ చూసి జాతకం చెప్పలేం. బ్రాక్ బర్క్ 2022లో 1.97తో మెరిశాడు, 2024లో వదిలేస్తే వేవర్స్‌లో (వదిలేసినవాణ్ణి వేరే జట్టు తీసుకునే పద్ధతిలో) ఏంజెల్స్ పట్టుకుపోయింది. అందుకే ఒక్క మంచి రిలీవర్ ఉన్నాడా అని కాదు, పనికొచ్చేవాళ్ళు పదిహేను మంది ఉన్నారా అని అడగాలి.

ఎందుకు పదిహేను? జట్టులో 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. స్టార్టర్లు పోగా బుల్‌పెన్‌కి ఎనిమిది. కానీ సీజన్ అయ్యేసరికి ముప్పై మంది దాకా పిచర్లని వాడటం మామూలే. ఈ రాకపోకలన్నీ ఆప్షన్ల మీద నడుస్తాయి. 40 మంది జాబితాలో ఉన్నవాణ్ణి మూడు సీజన్ల పాటు వేవర్స్ లేకుండా కిందికి పంపొచ్చు. ఒక సీజన్‌లో ఐదుసార్లకి మించి కుదరదు. పిచర్ని పంపితే 15 రోజులు అక్కడే ఉండాలి, పైన ఎవరికైనా గాయమైతే తప్ప. ఆప్షన్లున్న ఓ మోస్తరు రిలీవర్, ఆప్షన్లు అయిపోయిన మంచి రిలీవర్ కంటే కొన్నిసార్లు జట్టుకి ఎక్కువ పనికొస్తాడు.

రౌండ్‌రాక్ రమణ
ఆ రాకపోకలు మనిషి మీద ఎలా ఉంటాయో చెప్తాను. ఒక ఏడాది మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఒక రిలీవర్ ఉండేవాడు. పేరొద్దు. తలుపు పక్కన బ్యాగు ఎప్పుడూ సర్దే ఉండేది. రాత్రి ఫోనొస్తే తెల్లవారుజామునే ఆర్లింగ్టన్‌కి ఐ-35 హైవే ఎక్కేవాడు. రెండు వారాలుంటాడనుకుంటే నాలుగో రోజుకి తిరిగొచ్చేవాడు. కిటికీలో ఒక తులసి లాంటి మొక్క ఉంది, పిజ్జాలోకి వాడతానన్నాడు. దానికి నీళ్ళు పోసే డ్యూటీ మా ఆవిడది. ఉగాదికి పులిహోర ఇస్తే గిన్నె కడిగి, అందులో సంతకం చేసిన బంతి పెట్టి ఇచ్చాడు.

డబ్బు లెక్క కూడా చూడండి. 2023 ఒప్పందంలో ట్రిపుల్-ఏ కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు. మేజర్స్‌లో 2025 కనీసం 7,60,000. రోజుల లెక్కన పైన పది రోజులుంటే కింద ఏడాదికిచ్చే కనీసం దాటిపోతుంది. ఆ ఫోన్ కోసం బ్యాగు సర్దుకోరా మరి?

కొత్తోడు_ఇర్వింగ్
ఇంత చదివాక ఒక డౌట్. ఫార్మ్‌లో ఇంతమంది స్టార్టర్లుంటే బయట రిలీవర్లని ఏటా కొనడం ఎందుకు?

ఫ్రిస్కో శ్రీను
ఎందుకంటే ఆ స్టార్టర్లని అమ్మేస్తున్నాం కాబట్టి. 2025 జులై ఆఖర్లో స్టార్టర్ మెరిల్ కెల్లీ కోసం మన కుర్ర పిచర్లు కోల్ డ్రేక్, మిచ్ బ్రాట్, హేగమన్ అరిజోనాకి వెళ్ళారు. కూలోంబ్ కోసం గారెట్ హార్న్ మిన్నెసోటాకి. హేగమన్ తప్ప ముగ్గురూ ఎడమచేతి వాళ్ళే. వాళ్ళలో ఇద్దరు స్టార్టర్లుగా నిలబడకపోయినా మనకి రెండేళ్ళపాటు ఎడమచేతి రిలీవర్లు ఊరికే దొరికేవాళ్ళు. సీజన్ అయ్యాక కెల్లీ, కూలోంబ్ ఇద్దరూ ఫ్రీ ఏజెంట్లయిపోయారు. విత్తనాలు వండుకు తినడం అంటే ఇదే.

పాత అభిమాని 2003
సగం ఒప్పుకుంటాను. 2023లో రిలీవర్ చాప్‌మన్ కోసం పిచర్ కోల్ రేగన్స్‌ని ఇచ్చాం, వాడు కాన్సస్ సిటీలో ఆల్‌స్టార్ అయ్యాడు. ఆ ట్రేడ్‌ని వెనక్కి తీసుకుంటావా అంటే నేను తీసుకోను. ఇంట్లో గోడ మీద 2023 బ్యానర్ ఉంది. క్లూబర్ ట్రేడ్ మాత్రం ఈ రోజుకీ తీసుకుంటా.

లెక్కల మాస్టారు
శ్రీను గారి అసలు ప్రశ్నకి నా అంచనా. విన్, గార్సియా ఉన్నారు. చర్చ్ గాయాలు లేకుండా ఉంటే మూడోవాడు. టెయోడో మే తర్వాత. మిగతా నాలుగు చోట్లకి 2025లో చేసినట్టే ఏడాది కాంట్రాక్టులతో ముప్పై దాటినవాళ్ళని తెస్తారు. అది తప్పేమీ కాదు, ఆ చవక బుల్‌పెన్‌తోనే 2025లో పరుగులు బాగానే ఆపారు, ఓడింది బ్యాటింగ్. ఫార్మ్‌లో ఎడమచేతి వాళ్ళ సంగతే బెంగ.

కిట్టు వాళ్ళమ్మ
ఏప్రిల్‌లో అందరం ఒకరోజు వెళ్దామా? టికెట్లు తీసేవాళ్ళు బుల్‌పెన్ పక్క వరసలే తీయండి. పిల్లలకి గ్లవ్ తప్పనిసరి. పోయినసారి వార్మప్ బంతి ఒకటి ఎగిరొచ్చి మా నాచోస్ ప్లేటులో పడింది. బంతి మావాడు దాచుకున్నాడు, చీజ్ మరక ఇంకా పోలేదు.

ఫ్రిస్కో శ్రీను
నేను రెడీ. బాబ్జీ గారూ, మీరూ రండి, నాచోస్ పక్క సీటు మీదే.