సౌభ్రాత్రమా, సౌభ్రాతృత్వమా?

నవంబరు 26న మా ఆఫీసులో అందరం నిలబడి రాజ్యాంగ పీఠిక చదివాం. సమానత్వం దాకా గొంతులన్నీ కలిసే వచ్చాయి. ఆ తర్వాతి మాట సౌభ్రాతృత్వం, అంటే ఇంగ్లీషు "ఫ్రెటర్నిటీ", దగ్గర చెదిరిపోయాయి. ఒకరు "సౌభాతృత్వం" అన్నారు, ఇంకొకరు "సౌభ్రాతత్వం" అన్నారు. వెనక వరసలో కొందరు ఆ మాట మింగేసి తర్వాతి మాట దగ్గర మళ్ళీ కలిశారు. అప్పట్నుంచీ ఈ మాట నన్ను వదలడం లేదు.

ముందు వ్యాకరణం సంగతి చూద్దాం. సుజన నుంచి సౌజన్యం, సుందర నుంచి సౌందర్యం వచ్చినట్టే సుభ్రాతృ నుంచి సౌభ్రాత్రం వస్తుంది. మొదటి అచ్చుకు వృద్ధి వచ్చిందంటే, అంటే "సు" కాస్తా "సౌ" అయిందంటే, "-తనం" అనే అర్థం వచ్చేసినట్టే, దాని మీద మళ్ళీ "త్వం" అక్కర్లేదు. కాబట్టి సౌభ్రాతృత్వాన్ని పండితులు తప్పు పట్టడం న్యాయమే. కానీ ఐక్యం అన్నా చాలిన చోట ఐక్యత అని రోజూ రాస్తున్నాం కదా? పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయిన మాటను ఇప్పుడు పీకేయాలని నేను అనను.

నన్ను ఆపింది వేరే విషయం. కాళిదాసు రఘువంశం పదహారో సర్గ మొదటి శ్లోకంలో ఈ మాట ఉంది: "సౌభ్రాత్రమేషాం హి కులానుసారి". రాముడి, ఆయన తమ్ముళ్ళ కొడుకుల్లో మిగతా ఏడుగురూ పుట్టుకలోనూ గుణంలోనూ పెద్దవాడైన కుశుడికి శ్రేష్ఠమైన వాటిని ఇచ్చారట, మంచి అన్నదమ్ముల తీరు వాళ్ళ వంశంలోనే ఉందట. అంటే అక్కడ సౌభ్రాత్రం అంటే పెద్దవాడికి పెద్దరికం ఇవ్వడం.

సౌభ్రాతృత్వానికి ఫ్రెంచి వాళ్ళ మాట "ఫ్రతెర్నితే" దీనికి దాదాపు ఎదురు దిక్కు. 1789 ఆగస్టు 26 నాటి హక్కుల ప్రకటనలో ఆ మాట లేదు. మనుషులు హక్కుల్లో స్వతంత్రులుగా, సమానులుగా పుడతారని మాత్రం ఉంది. లాక్, రూసో లాంటి తత్వవేత్తలు వేసిన దారి అది. స్వేచ్ఛ, సమానత్వాల పక్కన ఫ్రతెర్నితే విప్లవ నినాదాల్లో చేరి, 1848లో మూల సూత్రంగా రాజ్యాంగంలోకి ఎక్కింది. తండ్రి లాంటి రాజు పోయాక మిగిలినవాళ్ళు ఒకరికొకరు ఏమవుతారు అన్న ప్రశ్నకు జవాబు అది. అందులో అన్న లేడు, తమ్ముడు లేడు. చెల్లెలు కూడా లేదన్నది వేరే బాధ. స్త్రీల హక్కుల ప్రకటన రాసిన ఒలాంప్ ద గూజ్‌ను 1793లో గిలెటిన్ ఎక్కించారు.

మరి తెలుగులో? చిన్నా పెద్దా తేల్చకుండా "బ్రదర్" అనడానికి ఇంట్లో వాడే మాట ఒక్కటి చెప్పండి. అన్న అనాలి, లేదా తమ్ముడు అనాలి. హిందీ పీఠికలో "బంధుతా" అని ఉంది. మనకు బంధుత్వం అంటే పెళ్ళిళ్ళతో కలుపుకునేది, అంటే చాలా ఇళ్ళల్లో కులం గీత దాటనిది. ఆ మాట మన పీఠికలోకి రాకపోవడమే మంచిదైంది.

మా ఊళ్ళో వరస పెట్టి పిలుచుకోవడం ఉండేది. బాబాయ్, మావయ్య, పెద్దమ్మ, నెత్తురు సంబంధం లేకపోయినా సరే. చిన్నప్పుడు అది నాకెంతో అందంగా తోచేది. కానీ మా పొలంలో పనిచేసే ముసలాయన్ని, తాత వయసు మనిషిని, పదేళ్ళ పిల్లలం "ఏరా" అని పిలిచేవాళ్ళం. ఆయన మమ్మల్ని "బాబుగారూ" అనేవాడు. ఆయనకు ఏ వరసా లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాల్సి వస్తుంది.

అంబేద్కర్ ఈ మాట కోసం ఎందుకంత పట్టుబట్టారో నాకు అక్కడ అర్థమవుతుంది. 1946 డిసెంబరులో నెహ్రూ పెట్టిన లక్ష్యాల తీర్మానంలో ఇది లేదు. అంబేద్కర్ అధ్యక్షుడిగా ఉన్న ముసాయిదా సంఘమే పీఠికలో చేర్చింది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్, ఇది లేకపోతే స్వేచ్ఛ, సమానత్వం పైపై రంగుపూతలుగానే మిగులుతాయన్నారు. ఈ మూడింటినీ తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నానని 1954లో రేడియోలో చెప్పారు. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో దీనికిచ్చిన అర్థం కూడా నాకు ఇష్టం: తక్కువ ఉన్నవాళ్ళకు మేలు జరగనప్పుడు నాకు ఎక్కువ వద్దనుకోవడం. 2018 జులైలో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి, చట్టాలు రాజ్యాంగానికి తగ్గట్టున్నాయా అని తేల్చే సంస్థ, ఇంకో అడుగు వేసింది. దేశంలో ఉండటానికి కాగితాలు లేని మనిషికైనా మానవత్వంతో సాయం చేసే స్వేచ్ఛ ఫ్రతెర్నితే నుంచే వస్తుందని తీర్పు చెప్పింది. నినాదంగా గోడల మీద ఉన్న మాట కోర్టులో పనికొచ్చిందన్నమాట.

"సౌభ్రాతృత్వానికి బదులు తోబుట్టుతనం అనొచ్చు కదా" అని అడిగినవారికి: నాకూ ఆ మాటే మనసులో మెదిలిందండీ. తోడ పుట్టడం అన్నదాంట్లో పెద్దా చిన్నా లేదు, ఆడా మగా లేదు. అయితే మా వైపు తోబుట్టువు అంటే అక్కచెల్లెళ్ళనే ఎక్కువగా అంటారు. శాసనాల భాషలో ఒదుగుతుందా అన్నది చట్టాలు అనువదించేవాళ్ళు చెప్పాలి. నోటికి మాత్రం తిరుగుతుంది, వెనక వరసలో వాళ్ళు కూడా మింగేయకుండా అనగలరు. మీ జిల్లాల్లో తోబుట్టువు అని ఎవరిని అంటారో రాయండి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర వాళ్ళు, పాలమూరు వాళ్ళు.