రక్తం తీసేటప్పుడు పిల్లల్ని నొక్కి పట్టుకోవడమేనా? నొప్పి సంగతి ముందు చూడాలా?

నాలుగేళ్లవాడి అమ్మ:
మా బాబుకి రక్తపరీక్ష చేయడానికి ముగ్గురు కలిసి కాళ్లూ చేతులూ నొక్కి పట్టుకున్నారు. చర్మం మొద్దుబారే క్రీమ్ రాయొచ్చు కదా అని అడిగాను. "ఒక్క నిమిషం పని, రేపటికి మర్చిపోతాడు" అన్నారు. ఇప్పుడు వాడు తెల్లకోటు కనిపిస్తే చాలు, నా మెడ పట్టుకుని వదలడు. ఇంత చిన్న పనికి నొప్పి తగ్గించమని అడగడం అతి అవుతుందా?

వార్డు నర్సు:
అతి అనను. కానీ ఆ క్రీమ్ పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది. ఎదురుచూసేకొద్దీ బిడ్డకి టెన్షన్ పెరుగుతుంది. చేయి తిరిగినవాళ్లు టక్కున గుచ్చి తీసేస్తేనే మేలు. గట్టిగా పట్టుకోకపోతే సూది కదిలి, రెండోసారి గుచ్చాల్సి వస్తుంది.

మత్తు డాక్టరు:
"మర్చిపోతాడు" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. 1980ల వరకూ నెలలు నిండని పసికందులకి ఆపరేషన్ చేసేటప్పుడు కూడా చాలాచోట్ల సరైన నొప్పి మందు ఇచ్చేవారు కాదు. కదలకుండా ఉండేందుకు మందిచ్చి కోసేవారు. అంటే నొప్పి పుట్టినా బిడ్డ ఏడవలేని స్థితి. నరాలు ఇంకా ఎదగలేదని, నొప్పి తెలియదని, మత్తు ఇస్తే ప్రాణానికే ప్రమాదమని నమ్మేవారు. 1987లో డాక్టర్ ఆనంద్ బృందం గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే ఆపరేషన్‌లో కొందరు శిశువులకి ఫెంటానిల్ అనే గట్టి నొప్పి మందు కలిపి ఇచ్చి, మిగతావారితో పోల్చింది. మందు అందిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు అంతగా పెరగలేదు, తర్వాత వచ్చే ఇబ్బందులూ తగ్గాయి. ప్రమాదమని దేన్ని ఆపారో అదే వాళ్లని కాపాడింది.

ఇక మర్చిపోవడం. 1997లో కెనడాలో ఒక పరిశీలన చేశారు. పుట్టగానే నొప్పి మందు లేకుండా సున్తీ చేసిన మగపిల్లలు, నాలుగు నుంచి ఆరు నెలల వయసులో టీకా వేసినప్పుడు సున్తీ జరగని పిల్లలకంటే ఎక్కువగా ఏడ్చారు. మొద్దుబారే క్రీమ్ రాసి చేసినవాళ్లలో ఆ తేడా తగ్గింది. ఆ వయసు బిడ్డకి ఏ సంఘటనా గుర్తుండదు. అయినా ఒంటి మీద దాని ప్రభావం ఉంది. అమ్మా, మీ బాబు భయం మొండితనం కాదు.

పసిపాప నాన్న:
నా భయం మందుల గురించే. కోడీన్ అనే నొప్పి మందు కూడా ఒకప్పుడు పిల్లలకి మామూలుగా రాసిందే కదా! కొందరు పిల్లలకి ఊపిరి ఆగి ప్రాణాలు పోయాక, అమెరికాలో 2013లో గట్టి హెచ్చరిక పెట్టారు, 2017లో పన్నెండేళ్ల లోపువాళ్లకి వద్దన్నారు. నొప్పి కాసేపటికి పోతుంది. మందు వికటిస్తే ఎవరు దిక్కు?

మత్తు డాక్టరు:
మీ భయంలో న్యాయం ఉంది. కోడీన్ ఒంట్లోకి వెళ్లాక మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందుగా మారుతుంది. కొందరిలో అది మరీ వేగంగా జరుగుతుంది, ఎవరిలోనో ముందుగా తెలియదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో దాన్ని పిల్లల నొప్పి చికిత్స నుంచి తీసేసింది. కానీ నొప్పిని వదిలేయమనలేదు. తక్కువ నొప్పికి పారాసిటమాల్, ఐబూప్రొఫెన్, తీవ్రమైన నొప్పికి డాక్టరు కనిపెట్టుకుని ఉండి, బరువును బట్టి లెక్కగట్టి ఇచ్చే మార్ఫిన్ అని చెప్పింది.

పైగా టీకా నొప్పి తగ్గించడానికి ఏ మందూ అక్కర్లేని పద్ధతులున్నాయి. 2015లో అదే సంస్థ చెప్పినవి: తల్లిపాలు తాగే బిడ్డకి పాలిస్తూ వేయాలి, పడుకోబెట్టకుండా అమ్మో నాన్నో ఒళ్లో నిటారుగా పట్టుకోవాలి, సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి చూడొద్దు, రెండు మూడు టీకాలుంటే ఎక్కువ నొప్పి పెట్టేది చివర్లో వేయాలి. ముందుగా పారాసిటమాల్ పట్టించడం మాత్రం వద్దంది. వీటిలో ఏదీ గంట పట్టదు, సిస్టర్ గారూ. ఒళ్లో కూర్చోబెట్టుకుని చేయి కదలకుండా పట్టుకోవడం వేరు, ముగ్గురు మీదపడి నొక్కడం వేరు.

వార్డు నర్సు:
ఒళ్లో కూర్చోబెట్టడం మేమూ చేస్తాం. పసిపిల్లలకి మడమ గుచ్చేముందు నాలుక మీద చక్కెర నీళ్లు కూడా వేస్తాం. ఏడుపు తగ్గుతుంది. అయితే 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, చక్కెర నీళ్లు వేసినా శిశువు మెదడు స్పందన తగ్గలేదు. మరి మేం తగ్గిస్తున్నది నొప్పినా, ఏడుపునా?

మత్తు డాక్టరు:
దాని మీద ఇంకా వాదన నడుస్తోంది. అందుకే చక్కెర నీళ్లు వేశాం కదా అని ఊరుకోకూడదు. చిన్న సూదికి అది సరిపోవచ్చు, గొట్టం వేయడానికో కోతకో సరిపోదు. క్రీమ్ విషయానికొస్తే, డాక్టరు పరీక్షకి చీటీ ఇచ్చినప్పుడే పూసేస్తే బిడ్డ వంతు వచ్చేసరికి గంట గడిచిపోతుంది.

వార్డు నర్సు:
ముందే తెలిసిన పరీక్షలకి అది కుదురుతుంది, ఒప్పుకుంటాను. జ్వరంతో వణుకుతూ వచ్చిన బిడ్డకి గంట ఆగలేం. అక్కడ మాత్రం నా మాట మీదే ఉంటాను.

నాలుగేళ్లవాడి అమ్మ:
మావాడిది ముందే తేదీ ఇచ్చిన పరీక్ష. ఈసారి క్రీమ్ గురించి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడుగుతాను, నా ఒళ్లోనే కూర్చోబెట్టుకుంటానని చెబుతాను. డాక్టరు గారూ, "అస్సలు నొప్పెట్టదు నాన్నా" అని వాడికి చెప్పొచ్చా?

మత్తు డాక్టరు:
చెప్పొద్దమ్మా. నొప్పెడితే తర్వాత మీ మాట కూడా నమ్మడు. "కాస్త చురుక్కుమంటుంది, నేను పక్కనే ఉంటాను" అనండి. గుచ్చేటప్పుడు వాడికిష్టమైన కథ చెబుతూ ఉండండి.