ఎస్‌ఈఓలో ఎవరిని ఫాలో అవ్వాలి? ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మొక్కల పెంపకం మీద చిన్న వెబ్‌సైట్ నడుపుతున్నాను. ఎస్‌ఈఓ (గూగుల్ లాంటి వాటిలో వెతికితే మన సైట్ పైన కనబడేలా చేసుకునే పని) సొంతంగా నేర్చుకుందామని లింక్డ్‌ఇన్‌లో, ఎక్స్‌లో కనబడ్డ నిపుణులందరినీ ఫాలో అయిపోయాను. లెక్కపెడితే 63 మంది తేలారు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే టెన్షన్ తప్ప ఇంకేమీ లేదు. ఒకరు బ్యాక్‌లింకులే (వేరే సైట్ల నుంచి మన సైట్‌కు వచ్చే లింకులు) ప్రాణం అంటారు, ఆ కిందే ఇంకొకరు లింకుల కాలం చెల్లిపోయింది అంటారు. వాళ్ళలో ఒకాయన మాట నమ్మి డబ్బు పెట్టి లింకులు కూడా కొన్నాను. మూడు నెలలైంది, ట్రాఫిక్‌లో ఉలుకూ లేదు పలుకూ లేదు. నిజంగా తెలిసినవాళ్ళను పట్టుకోవడం ఎలా? పేర్లు చెప్పినా సరే, పద్ధతి చెప్పినా సరే.

జవాబు 1

ర్యాంకింగ్ కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధమండీ. ఆ ముక్క చెప్పకుండా కొనమన్నాయన్ని ముందు అన్‌ఫాలో చేయండి. మిగతా 62 మంది సంగతి తర్వాత చూద్దాం.

నేను కొత్తగా ఎవరినైనా ఫాలో అయ్యే ముందు వాళ్ళ ఇవాళ్టి పోస్టులు చూడను. ఇవాళ అందరూ బాగానే మాట్లాడతారు. 2024 మార్చిలో ఏం రాశారో వెతుకుతాను. ఆ నెల 5న గూగుల్ కోర్ అప్‌డేట్ (ఫలితాల వరసను తేల్చే పద్ధతిలో పెద్ద మార్పు) మొదలైంది, పూర్తవడానికి 45 రోజులు పట్టింది. మొదలైన రెండో రోజుకే "ట్రాఫిక్ తిరిగి తెచ్చుకోవడానికి ఏడు మార్గాలు" అని పోస్టు పెట్టినవాళ్ళున్నారు. అప్పటికి సైట్లు ఇంకా పైకీ కిందకీ ఊగుతూనే ఉన్నాయి. అలాంటివాళ్ళను వదిలేయడమే. "ఇంకా నడుస్తోంది, ఆగండి, ఇప్పుడే ఏదీ మార్చకండి" అన్నవాళ్ళను ఉంచుకుంటాను. తర్వాత తాము అన్నది తప్పని తేలినప్పుడు ఆ మాట రాసినవాళ్ళయితే మరీ మంచిది. అలాంటివాళ్ళు తక్కువే అనుకోండి.

ఎక్స్‌లో అయితే అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఖాతా పేరు, తేదీలు ఇస్తే ఆ రోజుల పోస్టులే వస్తాయి. లింక్డ్‌ఇన్‌లో ఓపిగ్గా కిందికి జరుపుకుంటూ పోవాలి.

కాలం చెల్లిన సరుకు అమ్ముతున్నారా అన్నది ఇంకా తేలిగ్గా తెలిసిపోతుంది. అదే 2024 మార్చి 12న కోర్ వెబ్ వైటల్స్‌లోంచి (పేజీ వేగం, స్పందన కొలిచే గూగుల్ కొలతలు) ఎఫ్‌ఐడీ పోయి ఐఎన్‌పీ వచ్చింది. రెండూ మనం నొక్కినప్పుడు పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పేవే. ఇంకా ఎఫ్‌ఐడీ బాగుచేసుకోమనేవాళ్ళు పాత పోస్టులనే తిప్పి తిప్పి వేస్తున్నారని అర్థం. ఇక మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో చదివేవాళ్ళకు కనబడకుండా రాసే పదాల జాబితా) నింపమనేవాళ్ళకు దండం. ర్యాంకింగ్‌కు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

జవాబు 2

పేర్లు నేను చెబుతాను. గూగుల్‌లో పనిచేసేవాళ్ళలో జాన్ మ్యూలర్, మార్టిన్ స్ప్లిట్, గ్యారీ ఇలియెస్. జాన్ బ్లూస్కైలో, రెడిట్‌లో మామూలు జనం ప్రశ్నలకు కూడా జవాబిస్తుంటారు, కాస్త వెటకారం కలిపి. జావాస్క్రిప్ట్‌తో కట్టిన సైటయితే మార్టిన్ చెప్పేవి వినాలి. క్రాలింగ్ (గూగుల్ బాట్లు సైట్లలో తిరిగి పేజీలు చదవడం) సంగతులకు గ్యారీ.

బయటివాళ్ళలో రోజువారీ వార్తలకు బ్యారీ ష్వార్ట్జ్ ఒక్కరు చాలు. 2003 నుంచి సెర్చ్ ఇంజిన్ రౌండ్‌టేబుల్ నడుపుతున్నారు. అప్‌డేట్ల వల్ల ఎవరు పడ్డారు, ఎందుకు పడ్డారు అన్న విశ్లేషణకు గ్లెన్ గేబ్, లిలీ రే. మీలా మొదటి నుంచి నేర్చుకునేవాళ్ళకు అలేడా సోలిస్. ఏ అంశం తర్వాత ఏది చదవాలో వరసగా పేర్చి లర్నింగ్‌ఎస్‌ఈఓ అనే సైట్లో ఉచితంగా పెట్టారు.

అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. ఒక అనుమానం. గూగుల్‌వాళ్ళే చెబుతున్నప్పుడు మళ్ళీ బయటివాళ్ళెందుకు?

జవాబు 1

వంట చేసినవాళ్ళను రుచి ఎలా ఉందని అడిగితే ఏం చెబుతారండీ? గూగుల్‌వాళ్ళు చెప్పేది వినాలి, కానీ వాళ్ళు అంతా చెప్పరు. 2024 మేలో గూగుల్ అంతర్గత ఏపీఐ పత్రాలు (సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో ఏయే సమాచారం ఉంటుందో వాళ్ళ ఇంజినీర్ల కోసం రాసుకున్నవి) బయటికొచ్చాయి. వాటిని జనం ముందు పెట్టింది ఎస్‌ఈఓ నిపుణులు ర్యాండ్ ఫిష్కిన్, మైక్ కింగ్. అందులో క్లిక్కుల సమాచారం ఉంది, "సైట్ అథారిటీ" అనే పేరుతో ఒక అంశమూ ఉంది. పత్రాలు అసలైనవేనని గూగుల్ ఒప్పుకుంది, కాకపోతే సందర్భం తెలియకుండా తీర్మానాలు చేయొద్దంది.

ఏ అంశానికి ఎంత బరువో, అసలు ఏది ఇప్పుడు వాడుకలో ఉందో ఆ పత్రాల్లో లేదు. అయినా "గూగుల్ రహస్య జాబితా దొరికేసింది" అని ఆ వారమే కోర్సు అమ్మకానికి పెట్టినవాళ్ళు ఉన్నారు. మీ 63 మందిలో వాళ్ళెందరో చూసుకోండి.

జవాబు 3

స్క్రీన్‌షాట్ల విషయం ఎవరూ ఎత్తలేదేంటి? గ్రాఫ్ నిటారుగా పైకి వెళుతుంటుంది, పక్కన అంకెలుండవు, తేదీలుండవు. అది క్లిక్కుల గీతా ఇంప్రెషన్ల (ఫలితాల్లో సైట్ ఎన్నిసార్లు కనబడిందన్న లెక్క) గీతా అని ఒకసారి మర్యాదగా అడిగి చూడండి. చెప్పేవాళ్ళు చెబుతారు, కొందరు బ్లాక్ చేస్తారు. రెండూ మీకు పనికొచ్చే జవాబులే.

2025 సెప్టెంబరులో ఇంకో తమాషా జరిగింది. ఒకే పేజీలో 100 ఫలితాలు తెప్పించుకునే దారిని గూగుల్ మూసేసింది. ఆ వెంటనే చాలా సైట్లకు సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే ఉచిత పరికరం) ఇంప్రెషన్లు పడిపోయాయి. క్లిక్కులు అలాగే ఉన్నాయా లేదా అని కూడా చూడకుండా కొందరు గగ్గోలు పెట్టారు. పోయినవాటిలో చాలావరకు మనుషులు చూసినవి కాదు, ర్యాంక్ ట్రాకర్లు (ఏ సైట్ ఎన్నో స్థానంలో ఉందో చూసే సాఫ్ట్‌వేర్లు) తిరిగినవి కావచ్చని నిదానంగా వివరించినవాళ్ళను నేను ఆ వారమే ఫాలో అయ్యాను.

అడిగినవారు

రెండు సాయంత్రాలు కూర్చుని అందరి పాత పోస్టులూ తిరగేశాను. 63లో తొమ్మిది మంది మిగిలారు. మీరు చెప్పిన పేర్లలో నలుగురిని చేర్చుకున్నాను. మరి ఆ కొన్న లింకుల్ని ఏం చేయమంటారు?

జవాబు 1

సెర్చ్ కన్సోల్‌లో మ్యాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ సిబ్బంది సైట్‌పై వేసిన శిక్షలు కనబడే చోటు) పేజీ చూడండి. అక్కడేమీ లేకపోతే కంగారు పడొద్దు, డిస్‌అవౌ ఫైలు (ఫలానా లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితా) జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. అది తెలియక వాడితే మంచి లింకులూ పోతాయి. అమ్మినాయన్నే తీసేయమనండి.

అడిగినవారు

చూశాను, ఖాళీగానే ఉంది. ఆయనకు మెయిల్ పెట్టాను. లింకులు తీయడానికి వేరే చార్జీ అట.