షేల్‌లో బంకమట్టి శాతం సమానమే, రంధ్రాలు మాత్రం వేరు: ఎందుకు?

ప్రశ్న: గోదావరి_లంక

నమస్కారమండి. రాజమహేంద్రవరంలో ఎమ్మెస్సీ భూవిజ్ఞానం చదువుతూ, కృష్ణా–గోదావరి బేసిన్‌లోని క్రెటేషియస్ కాలపు రాఘవాపురం షేల్‌పై (పలుచని పొరలుగా విడిపోయే బురద రాయి) ప్రాజెక్టు చేస్తున్నాను. నా దగ్గరున్న నమూనాలలో ఒకటి మెట్ట ప్రాంతంలో నేలపై బయటపడిన పొర నుంచి తీసినది, మరొకటి డెల్టా అడుగున చాలా లోతు నుంచి వచ్చిన కోర్ (డ్రిల్లింగ్‌లో తీసిన స్తంభాకారపు రాయి) ముక్క. ఎక్స్-రే పరీక్షలో రెండింటిలోనూ బంకమట్టి ఖనిజాలు సగానికి కాస్త పైగా, ఇంచుమించు సమానంగా తేలాయి. అయినా నైట్రోజన్ అధిశోషణ పరీక్షలో (రాతి ఉపరితలానికి ఎంత నైట్రోజన్ అంటుకుంటుందో కొలిచేది) ఉపరితల వైశాల్యం గానీ రంధ్రాల పరిమాణం గానీ ఒకదానితో ఒకటి పోలడం లేదు. కారణం ఏమై ఉంటుందో పెద్దలు చెప్పగలరా?

జవాబు: కోర్_పెట్టె

మీరు మొత్తం శాతాన్ని చూస్తున్నారు. రంధ్రాలను నిర్ణయించేది అందులో ఏ ఖనిజం ఎంత ఉందన్నది. బంకమట్టి ఖనిజాల్లో ఒకటైన స్మెక్టైట్‌కు పొరల మధ్య ఖాళీలనూ కలుపుకుంటే ఒక గ్రాముకు సుమారు 700 నుంచి 800 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మరో బంకమట్టి ఖనిజం కెయోలినైట్‌కు అది 10, 20 చదరపు మీటర్లకు మించడం అరుదు. మూడోదైన ఇలైట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. కాబట్టి బంకమట్టి అంతటినీ ఒకే పద్దులో వేసి గ్రాఫు గీస్తే ఏమీ తేలదు.

పైగా లోతుకు వెళ్లేకొద్దీ ఖనిజమే మారిపోతుంది. ఉష్ణోగ్రత సుమారు 60, 70 డిగ్రీల సెల్సియస్ దాటిన దగ్గర నుంచి, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాలు కరిగి పొటాషియం అందిస్తున్నకొద్దీ, స్మెక్టైట్ క్రమంగా మిశ్రమ పొరల (రెండు ఖనిజాల పొరలూ కలిసి ఉండే) దశ గుండా ఇలైట్‌గా మారుతుంది. ఆ క్రమంలో పొరల మధ్య నీరు బయటికి వస్తుంది, విడుదలైన సిలికా కొంత పక్కనే క్వార్ట్జ్‌గా పేరుకుని ఉన్న రంధ్రాలను పూడ్చవచ్చు. పైబరువుకు బంకమట్టి పలకలన్నీ రాతి పొరకు సమాంతరంగా ఒరిగిపోతాయి గనుక వాటి మధ్య మిగిలేవి సన్నని చీలిక రంధ్రాలే. క్వార్ట్జ్ రేణువుల, పైరైట్ గుత్తుల చాటున ఉన్నచోట మాత్రం కాస్త పెద్దవి నలగకుండా నిలుస్తాయి. మీ కోర్ ముక్క ఈ దశలు దాటి వచ్చినదే అయి ఉండవచ్చు.

నేలపై దొరికిన నమూనా మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఎండకూ వానకూ శిథిలమైన షేల్‌లో ఖనిజాలూ మారతాయి, కొత్త పగుళ్లూ ఏర్పడతాయి. దాన్ని లోతులోని రాతికి ప్రతినిధిగా తీసుకోకండి.

జవాబు: ల్యాబు_మాస్టారు

ఒక సంగతి కలుపుతాను. నైట్రోజన్ పరీక్షకు ముందు నమూనాను వేడి చేసి శూన్యంలో ఆరబెడతారు కదా, అప్పుడు స్మెక్టైట్ పొరల మధ్య నీరు పోయి పొరలు దగ్గరపడతాయి. మైనస్ 196 డిగ్రీల దగ్గర నైట్రోజన్ అణువులు ఆ సందుల్లోకి దాదాపు వెళ్లలేవు. అంటే పైన చెప్పిన 700, 800లో మీ యంత్రం చూసేది బయటి ముఖాలనే. మన కోనసీమలో నల్లమట్టి చేలు వేసవిలో నెర్రెలిచ్చి, తొలకరికి ఉబ్బి మూసుకుపోవడం కూడా ఈ పొరల పనే. ఆరిన రాతిలో కొలిచిన రంధ్రం భూమి లోపల తడిగా ఉన్న రాతిలో ఉన్నట్టు కాదు: బంకమట్టి ఉపరితలాలు నీటిని ఇష్టపడతాయి గనుక చిన్న రంధ్రాలు ముందు నీటితోనే నిండి, షేల్‌లో ఉండే మీథేన్ వాయువుకు చోటు తగ్గుతుంది.

గోదావరి_లంక: ధన్యవాదాలు మాస్టారూ. అయితే 2 నానోమీటర్లకన్నా చిన్న రంధ్రాలను కూడా బంకమట్టి ఖాతాలోనే వేయవచ్చా?

జవాబు: కోర్_పెట్టె

అన్నింటినీ వేయకూడదు. పక్వమైన (లోతులో వేడికి బాగా మారిన) షేల్‌లో అంత చిన్నవి చాలావరకు కెరోజెన్‌లో (రాతిలోని ఘన సేంద్రియ పదార్థం) ఉంటాయి. బంకమట్టి వాటా ఎక్కువగా 2 నుంచి 50 నానోమీటర్ల మధ్య కనిపిస్తుంది. సేంద్రియ కార్బన్ కొలవకుండా బంకమట్టి ప్రభావాన్ని విడదీయలేరు. ముందు 2 మైక్రాన్లకన్నా సన్నని భాగాన్ని వేరు చేసి, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి మళ్లీ ఎక్స్-రే తీయండి. స్మెక్టైట్ ఉంటే ఎక్స్-రే గ్రాఫులో దాని శిఖరం 17 ఆంగ్‌స్ట్రామ్‌ల (1.7 నానోమీటర్ల) దగ్గరికి జరుగుతుంది, ఇలైట్‌ది 10 దగ్గరే ఉండిపోతుంది. సూక్ష్మరంధ్రాలకు కార్బన్ డయాక్సైడ్‌తో 0 డిగ్రీల దగ్గర వేరే పరీక్ష చేయించండి. రెండు ఫలితాలూ వచ్చాక ఇక్కడే పెట్టండి, చూద్దాం.